నదిలో మునగలేదు, నష్టాల్లోనూ మునగలేదు

33 ఏళ్లకే భర్త పోయారు. చేతికొచ్చింది కరిగిపోతున్న ఆస్తి. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు పోర్చుగల్ వైన్ వ్యాపారంలో తిరుగులేని పేరుగా నిలిచిన డోనా ఆంటోనియా కథ ఇది.

మన దగ్గర సెల్లార్ అంటే అపార్ట్‌మెంట్ కింద బండ్లు పెట్టుకునే చోటు. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో సెల్లార్ అంటే టికెట్ కొనుక్కుని మరీ చూడ్డానికి వెళ్లే చోటు. రెండంతస్తుల ఇనుప వంతెన మీద డౌరో నదిని దాటితే అవతలి ఒడ్డున విలా నోవా డి గాయా అనే ఊరు వస్తుంది. నది పక్కనే వరసగా పెంకుల కప్పులు, వాటి మీద దూరానికి కూడా కనపడేలా కంపెనీల పేర్లు. అవన్నీ పోర్ట్ వైన్‌ను ఏళ్ల తరబడి పీపాల్లో దాచి ఉంచే గోదాములు.

లోపలికి అడుగుపెడితే ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. మందమైన రాతిగోడలు, మసక వెలుతురు, తడి చెక్క వాసన. గైడ్ పీపాల మధ్య తిప్పుతూ కథ చెబుతారు. చివర్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి చిన్న గ్లాసుల్లో రెండు మూడు రకాలు రుచి చూపిస్తారు. ముదురు ఎరుపులో ఉన్నది రూబీ. చిన్న పీపాల్లో ఏళ్లకేళ్లు ఉండి గోధుమ రంగుకు తిరిగింది టానీ. ముందు రంగు చూడాలి, తర్వాత వాసన, ఆ తర్వాతే రుచి. ఇదే పని ఉద్యోగంగా చేసేవాళ్లు రోజూ ఎన్నో శాంపిల్స్ చూస్తారు కాబట్టి మింగరు, ఉమ్మేస్తారు. వాళ్ల జీతం నాలుకకు, ముక్కుకు, జ్ఞాపకశక్తికి!

కొన్ని సెల్లార్లలో సాయంత్రం పూట ఫాదో కూడా ఉంటుంది. గాయకుడో గాయనో ఒక్కరే, పక్కన 12 తీగల పోర్చుగీస్ గిటార్, ఇంకో మామూలు గిటార్. లైట్లు తగ్గించేస్తారు, మాటలు ఆగిపోతాయి. దూరమైన మనుషుల కోసం, పోయిన రోజుల కోసం పడే బెంగే ఆ పాటల్లో ఎక్కువ. యునెస్కో 2011లో ఫాదోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నిజానికి ఇది లిస్బన్ వాడల్లో పుట్టిన సంగీతం. ద్రాక్ష పండే డౌరో కొండల పాట వేరు. దాని సంగతి తర్వాత చూద్దాం.

గాయా సెల్లార్ల పేర్లు చదువుకుంటూ వెళ్తే టేలర్, గ్రాహం, కాక్‌బర్న్, శాండ్‌మన్.. అన్నీ బ్రిటిష్ పేర్లే. పండించింది పోర్చుగీసువాళ్లు, అమ్ముకుని పేరు తెచ్చుకుంది ఎక్కువగా బ్రిటిష్‌వాళ్లు. వాటి మధ్యలో 1751లో మొదలైన ఒక పోర్చుగీస్ కుటుంబం పేరు కనిపిస్తుంది.. ఫెరేరా. ఈ కంపెనీ గురించి ఎవరు చెప్పినా కథ చివరికి ఆ ఇంటి ఆడపడుచు దగ్గరికే చేరుతుంది. పేరు డోనా ఆంటోనియా అడిలైడ్ ఫెరేరా. జనం ముద్దుగా పిలుచుకున్న పేరు ఫెరేరిన్యా. మన భాషలో చెప్పాలంటే చిన్న ఫెరేరమ్మ.

ఆమె 1811లో రెగువా దగ్గర గోడిం అనే ఊళ్లో పుట్టారు. కలిగిన ఇల్లు. ఆ రోజుల్లో అలాంటి ఇంటి ఆడపిల్లకు వ్యాపారం నేర్పాలని ఎవరూ అనుకోరు. ఆస్తి చెదిరిపోకుండా 1834లో బంధువుల అబ్బాయి ఆంటోనియో బెర్నార్డో ఫెరేరాతోనే పెళ్లి చేశారు. ఆయనకు తోటలకన్నా పోర్టో నగరంలోని విలాసాల మీదే మోజు. డబ్బు నీళ్లలా ఖర్చయింది. 1844లో ఆయన పారిస్‌లో చనిపోయారు. అప్పటికి ఆంటోనియాకు 33 ఏళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు.

అమ్మేసి ప్రశాంతంగా బతకొచ్చు. ఆమె లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఏ తోట ఎంత ఇస్తోంది, ఏ కొండ మీద ఏ రకం పండుతోంది, ఎవరికి ఎంత బాకీ.. అన్నీ. పోర్టోలో కూర్చుని గుమాస్తాల మీద నడిపించే పద్ధతి ఆమెకు నచ్చలేదు, కొండల్లోనే ఉండిపోయారు. ఎస్టేట్ వ్యవహారాలు చూసే ఫ్రాన్సిస్కో జోసె డా సిల్వా టోరెస్ ఆమెకు కుడిభుజంగా నిలిచారు.

డబ్బు నిలదొక్కుకోగానే ఇంకో రకం ప్రమాదం వచ్చింది. అప్పటి ప్రధానమంత్రి సల్డాన్యా డ్యూక్ తన కొడుకుకు ఆంటోనియా కూతురు మరియాను ఇమ్మని అడిగారు. పిల్లకు పట్టుమని పన్నెండేళ్లు కూడా లేవు. ఆస్తి మీద కన్ను అని తెలుస్తూనే ఉంది. ఆమె కుదరదన్నారు. దేశాన్ని నడిపే మనిషికి కాదని చెప్పడం చిన్న విషయం కాదు. పిల్లను ఎత్తుకుపోవడానికి మనుషులను పంపారు. వాళ్లు వచ్చేసరికి తల్లీకూతుళ్లు అక్కడ లేరు. పల్లెటూరి ఆడవాళ్ల వేషంలో కొండలు దాటి స్పెయిన్‌లోకి, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లిపోయారు. తోటలు, వ్యాపారం అన్నీ వెనక వదిలేసి! 1856లో ఆమె సిల్వా టోరెస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ డౌరోకే తిరిగొచ్చారు.

ఇక్కడ డౌరో గురించి కొంచెం తెలుసుకోవాలి. పోర్ట్ వైన్ పుట్టేది సెల్లార్లో కాదు, అక్కడికి చాలా దూరంలో ఉన్న కొండల్లో. ఏ ప్రాంతంలో పండిన ద్రాక్షతో దీన్ని చేయాలో 1756లోనే ప్రభుత్వం హద్దులు గీసింది. రాతి కొండలను మెట్లు మెట్లుగా చెక్కి ద్రాక్ష వేస్తారు. కోత అయ్యాక పండ్లను గ్రానైట్ తొట్లలో పోసి కాళ్లతో తొక్కుతారు. మొదట వరసగా నిలబడి, భుజాల మీద చేతులు వేసుకుని, లెక్క ప్రకారం అడుగు మీద అడుగు. అది కాస్తా అయ్యాక వరస విడిపోయి అకార్డియన్, డప్పుల మోతకు ఎవరిష్టం వాళ్లు గంతులేస్తారు. డౌరో పాట అంటే ఇదీ. ఫెరేరిన్యా చెవుల్లో ఏటా మోగింది ఫాదో కాదు, ఈ తొక్కుడు పాటే.

రసం పులుస్తుండగా మధ్యలోనే ద్రాక్ష సారాయి కలిపి ఆ పులియడాన్ని ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది, ఘాటూ పెరుగుతుంది. చలికాలం గడిచాక సుమారు 550 లీటర్ల పీపాలను రబెలో అనే బల్లపరుపు పడవల్లో కిందికి దింపేవారు. కొండల్లో ఎండ మండిపోతుంది. సముద్రం దగ్గర ఉన్న గాయాలో చల్లగా, తేమగా ఉంటుంది. పీపాల్లో వైన్ నెమ్మదిగా ముదరాలంటే అదే సరైన చోటు. గోదాములన్నీ అక్కడే ఎందుకున్నాయో అర్థమైంది కదా!

ఆ నది ప్రయాణం మాత్రం ప్రాణాలతో చెలగాటం. 1861 మేలో వెలెయిరా సుడుల దగ్గర ఆమె ఉన్న పడవ బోల్తా పడింది. అందులో బారన్ ఫారెస్టర్ కూడా ఉన్నారు. డౌరో నదికి మంచి మ్యాపులు గీసిన బ్రిటిష్ వ్యాపారి, వైన్‌లో కల్తీల మీద పోరాడిన మనిషి. ఆయన మునిగిపోయారు, శవం కూడా దొరకలేదు. నడుముకు కట్టుకున్న నాణేల పట్టీ బరువే ఆయన్ని లాగేసిందని, ఆమె మాత్రం గుడారంలా ఉబ్బిన గౌను వల్ల తేలి ఒడ్డుకు చేరారని జనం చెప్పుకుంటారు. గైడ్లు ఈ కథను తెగ ఇష్టంగా చెబుతారు. ఎంతవరకు నిజమో గానీ, ఆమె బతికారన్నది మాత్రం నిజం. ఇప్పుడు అక్కడ డ్యామ్ కట్టడంతో ఆ సుడులు నీళ్లకింద నిద్రపోతున్నాయి.

నన్నడిగితే ఆమె అసలు పరీక్ష నది కాదు, 1868. ఆ ఏడాది వైన్ విపరీతంగా వచ్చింది. ధర పడిపోయింది. పంట ఎక్కువైతే రైతు ఏడవాల్సి రావడం మనకూ తెలిసిన సంగతే. కొనేవాడు లేక చిన్న రైతులు తోటలు అమ్ముకునే పరిస్థితి. అప్పుడు ఆమె పెద్ద ఎత్తున వైన్ కొని గోదాముల్లో పెట్టించారు. చూసేవాళ్లకు అది దానమో, పిచ్చితనమో అనిపించి ఉండాలి. కానీ పోర్ట్ వైన్ ఏళ్లు గడిస్తే పాడయ్యే సరుకు కాదని ఆమెకు తెలుసు. రైతు నిలబడకపోతే రేపు తనకు ద్రాక్ష ఇచ్చేవాళ్లు ఉండరనీ తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫిలాక్సెరా దిగబడింది. అమెరికా నుంచి వచ్చిన కంటికానని పురుగు, వేర్ల రసం పీల్చి తీగను చంపేస్తుంది. కొండలకు కొండలే ఎండిపోయాయి. అప్పుడు వదిలేసిన మెట్ల పొలాలు ఈరోజుకీ డౌరోలో బోసిగా కనిపిస్తాయి. సరుకు కరువై ధర లేచింది, ఆమె గోదాముల్లో నిల్వ ఉంది. మంచి లాభానికి అమ్మారు. ఆ డబ్బుతో ఊరుకోలేదు. తెగులుకు విరుగుడు కోసం ఇంగ్లండ్ దాకా వెళ్లి తెలుసుకున్నారని చెబుతారు. పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద స్థానిక ద్రాక్షను అంటు కట్టడమే చివరికి యూరప్ అంతా పట్టుకున్న దారి. పక్కవాళ్లు భూములు వదిలేస్తుంటే ఆమె కొని, కొత్త తీగలు నాటించారు.

1880లో సిల్వా టోరెస్ పోయారు. ఆమెకు అప్పటికి డెబ్భై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. మళ్లీ ఒంటరి. రెగువా, విలా రియల్, లమేగో వంటి చోట్ల ఆసుపత్రులకు ఆమె సాయం అందింది. చనిపోయేనాటికి ఇరవైకి పైగా తోటలు ఆమె పేరున ఉన్నాయి. కానీ వాటిలో ఒకటి ప్రత్యేకం. స్పెయిన్ సరిహద్దు వైపు, అప్పటిదాకా ఎవరూ సాగుచేయని సుమారు 300 హెక్టార్ల బీడును ఆమె 1877లో ఫోజ్ కోవా మున్సిపాలిటీ దగ్గర వేలంలో కొన్నారు. అంత దూరంలో, అంత ఎండలో ద్రాక్ష ఎవరు వేస్తారు? ఆమె లెక్క వేరు. రైలు ఎటు వస్తోందో చూశారు. 1887లో డౌరో రైలు మార్గం ఆ వైపు చేరింది. ఇళ్లు, గోదాములు, తొట్లు అన్నీ కొత్తగా కట్టించారు. ఆ తోట పేరు వాలె మియావ్. పనులు పూర్తవడానికి ఏళ్లు పట్టింది. అవి ముగిసిన కొద్దికాలానికే, 1896 మార్చిలో గోడింలో ఆమె కన్నుమూశారు.

ఆమె మొదలుపెట్టినవాటిలో అదొక్కటే కళ్లారా ఫలితం చూడకుండా వదిలి వెళ్లింది. 1952లో ఫెర్నాండో నికొలావ్ డి అల్మేడా అనే ఫెరేరా టేస్టర్ ప్రధానంగా ఆ తోట పండ్లతోనే సారాయి కలపని మామూలు రెడ్ వైన్ తయారు చేశారు. పేరు బార్కా వెల్యా. డౌరో అంటే తియ్యటి పోర్ట్ ఒక్కటే అనుకునే రోజుల్లో అది పోర్చుగల్‌లో అన్నిటికన్నా పేరున్న రెడ్ వైన్ అయింది. ఫెరేరా కంపెనీని 1987లో సోగ్రాపే సంస్థ కొంది. తోట మాత్రం వారసుల చేతుల్లోనే ఉండిపోయింది. 1999 పంట నుంచి వాళ్లు వాలె మియావ్ పేరు మీదే సొంతంగా వైన్ తయారు చేస్తున్నారు.