రుడాల్ఫ్ విర్కో: ఎగువ సైలీషియా జ్వరము

రుడాల్ఫ్ విర్కో 1821వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన ప్రష్యా రాజ్యమునందలి పొమెరేనియాలో జన్మించెను. బెర్లినులో వైద్యవిద్య నభ్యసించి, అచటి షారిటే వైద్యశాలలో మృతదేహములను శోధించి వ్యాధుల మూలములను గనుగొను పనిలో బ్రవేశించెను.

1848 ఫిబ్రవరిలో ప్రష్యా ప్రభుత్వము, టైఫస్ జ్వరము ప్రబలిన ఎగువ సైలీషియాకు ఆతనిని బంపెను. అప్పటికి ఆతని వయస్సు 26 ఏండ్లు. రిబ్నిక్, ప్లెస్ ప్రాంతములలో మూడు వారములకు లోపుగానే ఆతడు చూడవలసినది చూచెను. ఆలుగడ్డలపై నాధారపడిన జనులకు పంటలు చెడి కఱవు వచ్చెను. ఇఱుకు కొయ్యయిండ్లలో, ఒక్కొక్క గదిలో పలువురు శీతకాలము గడపుచుండిరి.

తేమ, చలి, వరదలు ఆ సీమకు సహజములే. కాని నేల యొక్కటియే ఇంతటి మరణములకు గారణము కాజాలదని విర్కో తలంచెను. జనులు పోలిష్ భాషీయులు; పాలకుల భాష జర్మన్. విద్యయు, పాలనయు వారికి బరాయివిగనే యుండెను. కావున ఆతని నివేదిక ఔషధములతో ముగియలేదు. స్వపరిపాలన, పోలిష్ భాషకు అధికార గౌరవము, విద్య, రహదారులు, పేదలపై బన్నుల తగ్గింపు - ఇవియే ఆతడు సూచించిన చికిత్స.

ఆ మార్చిలో బెర్లిను విప్లవమున ఆతడు పాల్గొనెను. 1849లో షారిటే పదవినుండి తొలగింపబడి వుర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమునకు బోయెను. 1856లో బెర్లినునకు మరలివచ్చి, 1858లో కణరోగశాస్త్ర గ్రంథమును బ్రకటించెను. 1859 మొదలు జీవితాంతము నగరసభలో సభ్యుడై, భూగర్భ మురుగు కాలువల నిర్మాణమునకై పాటుపడెను. 1902 సెప్టెంబరు 5వ తేదీన మరణించెను.

సూక్ష్మజీవులే రోగములకు మూలకారణమను సిద్ధాంతమును ఆతడు పూర్తిగా నంగీకరింపలేదు. అది ఆతని లోపము. టైఫస్‌ను చీరపేలు వ్యాపింపజేయునని 1909లో షార్ల్ నికోల్ నిరూపించెను. అయినను ఆ సత్యము విర్కో పరిశీలనను గొట్టివేయలేదు, పూరించినది. మార్చుకొనుటకు వేఱు వస్త్రము లేక, చలికి ఒకరినొకరు అంటియుండువారి నడుమనే చీరపేలు వృద్ధి చెందును. వ్యాధి పేను వెంట నడచినది. పేనుకు దారి వేసినది దారిద్ర్యము. ఆ దారిని మూయుటకు దగిన జ్ఞానము, ప్రజల భాషలో వారిని జేరవలెనని విర్కో 1848లోనే గ్రహించెను.