మన మందుల డబ్బాలో సుబ్బారావుగారు

గర్భం నిలిచిందని తెలియగానే డాక్టరమ్మ రాసిచ్చే చిన్న మాత్ర ఫోలిక్ యాసిడ్. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించేది డీఈసీ మాత్ర. నాలాంటి కీళ్ళవాతం వాళ్ళు వారానికొకసారి వేసుకునేది మెథోట్రెక్సేట్. ఈ మూడింటి వెనకా ఒక తెలుగాయన ఉన్నాడు. ఆయనే 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాత్రలు మింగే మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

చిన్నతనంలో చదువుమీద మనసు నిలవని పిల్లవాడాయన. కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుంటానని ఇల్లు విడిచి బయల్దేరితే, తల్లి వెంకమ్మగారు వెనక్కి పట్టుకొచ్చారు. తండ్రి పోయాక నగలమ్మి చదివించిందీ ఆ తల్లే. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది తెల్లదొర ప్రొఫెసరుకి కంటగింపైంది. ఎం.బి.బి.ఎస్. రావలసిన వాడికి తక్కువరకం ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం ఈ అవమానం కాదు, ఇంట్లో జరిగిన చావులు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్దిరోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటబట్టదు, రక్తం విరిగిపోతుంది, మనిషి కట్టెపుల్లవుతాడు. అప్పటి వైద్యుల దగ్గర దానికి మందు లేదు. ఆ జబ్బే తనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో కోలుకుని, ఆయన కాలేజీలోనే పాఠాలు చెప్పాడు. మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి కోపం వస్తుంది కదా, ఎందుకు మందు లేదు అని. ఆ కోపమే ఆయన్ని 1920ల మొదట్లో అమెరికా ఓడెక్కించిందని నాకనిపిస్తుంది.

మామగారు సాయం చేశారు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఆదుకుంది. బోస్టన్‌లో చదువుకుంటూ, పొట్టకోసం ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. సుబ్బారావు మళ్ళీ ఈ గడ్డమీద కాలు పెట్టలేదు. మందు కనిపెట్టినవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది, ఎదురుచూసిన ఇల్లాలి ఏళ్ళను ఎవరు లెక్కగడతారు?

హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరుచేసి చూపించాడు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళాడు. అంతకు పదేళ్ళ ముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత చూసి, ఈస్టులో ఉన్న ఏదో పదార్థం దాన్ని తగ్గిస్తోందని గుర్తించింది. ఆ పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని సుబ్బారావు బృందం 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. తమ్ముళ్ళూ అన్నలూ పోయిన ఇంటికి మాత్రం పాతికేళ్ళ పైచిలుకు ఆలస్యంగా వచ్చిన మందది.

ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ దాని పనికి అడ్డుపడే మందులు కూడా అక్కడే పుట్టాయి. సరైన తాళంచెవి దూరకుండా, తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి అనుకోండి. అలాంటి అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్తపు క్యాన్సర్ పిల్లలకు కొన్నాళ్ళపాటైనా జబ్బు తగ్గించగలిగాడు. మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ళకే కన్నుమూశాడు.

ఇక్కణ్ణుంచి కథ నాలాంటి రోగులది. అదే 1948లో మరోచోట కార్టిసోన్ అనే మందు కీళ్ళవాతం రోగులకు ఇచ్చారు. లేవలేనివాళ్ళు లేచి నడిచారు. పత్రికలన్నీ అద్భుతం అని ఎత్తుకున్నాయి, 1950లో నోబెల్ బహుమతీ వచ్చింది. ముఖాలు ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం ఆ తర్వాత బయటపడ్డాయి. 1951లో న్యూయార్కులో కొందరు డాక్టర్లు అమినోప్టెరిన్ కూడా కీళ్ళవాతానికి పనిచేస్తోందని రాశారు. ఆ సందడిలో అది పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1988లో. ముప్ఫై ఏడేళ్ళు! ఈలోగా ఎంతమంది ఆడవాళ్ళ వేళ్ళు వంకరపోయి ఉంటాయో. ఈ జబ్బు మగవాళ్ళకన్నా మనకే ఎక్కువ మరి.

నా సంగతి చెప్తాను. మొదట చూసిన డాక్టరు కాన్పు తర్వాతి నీరసం అన్నారు. ఇంకొకరు మనసులో పెట్టుకోకండమ్మా అన్నారు. పొద్దున్నే పిడికిలి ముడవలేను, సంగటి గెలకలేను. చూసేవాళ్ళకి మాత్రం బాగానే ఉండావే అనిపిస్తుంది. మా చిత్తూరు వైపు జబ్బు ముదిరితే వేలూరు బస్సెక్కడం అలవాటు. నేనూ ఎక్కాకే జబ్బుకి పేరు తెలిసింది. మాత్ర రాసిచ్చినప్పుడు వారానికొకసారే ఎందుకో ఎవరూ చెప్పలేదు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని, గర్భిణులు అసలు తాకకూడదని, పిల్లల్ని కనాలనుకుంటే ముందుగా డాక్టరుతో మాట్లాడాలని నేను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి మళ్ళీ ఫోలిక్ యాసిడే ఇస్తారు. ఒకే మనిషి పరిశోధనశాల నుంచి వచ్చిన ఆ రెండు మందులూ నా డబ్బాలో పక్కపక్కనే ఉంటాయి.

కీళ్ళవాతానికి శాశ్వత పరిష్కారం అంటూ బంధువులు ఇప్పటికీ వార్తలు పంపుతుంటారు. చివరిదాకా చదివితే ఆ మందు ఎలుకల దగ్గరే ఆగి ఉంటుంది. రాసేవారు ఆ ఒక్క ముక్క మొదటి వరుసలోనే రాస్తే మా ఆశ అన్నిసార్లు విరగదు. డాక్టరుగారు రెండు నిమిషాలు ఆగి ఈ మాత్ర ఏం చేస్తుందో చెబితే చాలు, సగం భయం పోతుంది. పరిశోధకులు కొత్త మందు వెతుకుతూనే, పాత కాగితాల్లో నిద్రపోతున్నదేదైనా ఉందేమో చూడాలి.

రోగి కోపాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. సుబ్బారావుగారు బయల్దేరింది అలాంటి కోపంతోనే.