పాతర తెరిచిన రెడ్డి

పునీతుల జాబితాలో లేని, జ్ఞానస్నానం పొందని ఒక పెద్దమనిషిని ఈ వారం మీ ముందుకు తెస్తున్నాను. ఆశ్చర్యపోకండి. పదిమంది కుష్ఠరోగులు స్వస్థత పొందితే, వెనక్కి తిరిగొచ్చి క్రీస్తునాథుని పాదాలమీద పడినవాడు ఒక్కడే. వాడూ సమరియుడే. కృతజ్ఞత విషయంలో ప్రభువే మనకు బయటివాణ్ణి చూపించాడు.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలవారికి ఉయ్యాలవాడ కొత్త కాదు. 2019లో సినిమా వచ్చాక ఆ ఊరి పేరు చెప్పగానే, 1847లో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిగారే అందరికీ గుర్తుకొస్తున్నారు. అదే ఊరివాడైన బుడ్డా వెంగళరెడ్డిగారిని మన పిల్లలు అంతగా ఎరుగరు. గంజి పోసినవాడి కథలో కత్తియుద్ధాలు ఉండవు గదా!

1866లో మన సీమను కరువు పట్టింది. అప్పటికి నంద్యాలకు రైలు లేదు. కె.సి. కాలువ ఇంకా తవ్వుతూనే ఉన్నారు. బయటినుంచి గింజలు రావాలంటే ఎద్దులబండ్లే దిక్కు. ఆ ఎద్దులకు మేత ఏది? కరువు అంటే ఏమిటో ఒక్క లెక్క చెబుతాను: మరి పదేళ్ళకు, 1876లో మొదలైన ధాత కరువు ముగిసేసరికి కర్నూలు జిల్లా జనాభాలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళు ఊళ్ళు వదిలారు.

అటువంటి కాలంలో పాతరలో జొన్నలున్న రైతుకు రెండు దారులుంటాయి. ధర ఇంకా పెరుగుతుందని పాతర మూసే ఉంచవచ్చు. నేరమేమీ కాదు, ఏ కోర్టూ తప్పు పట్టదు. వెంగళరెడ్డిగారు పాతర తెరిచారు. నెలల తరబడి, రోజూ వేలమందికి గంజి కాయించి పోయించారు. వచ్చినవాణ్ణి కులమడగలేదని, ఊరడగలేదని రేనాటి పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు.

ఆయన మనసులో ఏముందో మనకెవరూ రాసిపెట్టలేదు. నాకు తోచింది చెబుతాను. ఆ జొన్నలు పండింది వానవల్ల. వాన ఆయన సొత్తు కాదు. ఆ చేలు దున్నింది, కోసింది, కంకులు నూర్చింది కూలిజనం. కరువునాడు ముంత పట్టుకొని ఆ వాకిట నిలబడినవాళ్ళలో వాళ్ళూ ఉండే ఉంటారు. అలా చూస్తే ఆ గంజి దానమా, బాకీ తీర్చడమా?

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసువారి బోధ మాకు చెప్పారు. పొందిన మేలును గుర్తించడం కృతజ్ఞతకు మొదటి మెట్టు, నోటితో స్తుతించడం రెండవది, సమయమెరిగి శక్తికొద్దీ తిరిగి చెల్లించడం మూడవది. పరీక్షకు బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నాను. మూడవ మెట్టు అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. మనలో చాలామందిమి రెండవ మెట్టు మీదే కూర్చుండిపోతాం. భోజనానికి ముందు సిలువ గుర్తు వేసుకుంటాం, ఆదివారం పూజకు వస్తాం. ఆ పూజకున్న గ్రీకు పేరు యూకరిస్తుకు అర్థమే కృతజ్ఞతార్పణ. ఇంటికి వెళ్ళాక పనిమనిషి జీతం వచ్చే వారం చూద్దాంలే అంటాం. నన్ను నేను మినహాయించుకోవడం లేదు. విచారణ పండుగ విందులో అన్నం మిగిలి పారబోసిన రోజు నేనూ ఉన్నాను. గుడి గేటు దగ్గర ఎవరు కూర్చున్నారో ఆ సాయంత్రం చూడలేదు.

వెంగళరెడ్డిగారికి విక్టోరియా రాణి పేర బంగారు పతకం వచ్చింది. 1900లో ఆయన కన్నుమూశారు. గంజి తాగి బతికినవాళ్ళ దగ్గర బంగారం లేదు, ఇవ్వడానికి ఏమీ లేదు. ఆయనను రేనాటి చంద్రుడన్నారు. పాట కట్టారు. పొలంలో, వీధిలో పాడారు, పిల్లలకు నేర్పారు. వారి శక్తికి అదే మూడవ మెట్టు. రాణి పతకం చూసినవాళ్ళు కొందరే. పాట విన్నవాళ్ళకు లెక్కలేదు.

మీ ఇంట్లో వయసు మళ్ళిన అవ్వ ఉంటే, ఈ రాత్రి జపమాల అయ్యాక, ఆ పాట వస్తుందేమో అడిగి చూడండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి.