భగవాన్ మీద పుస్తకం అచ్చువేసిన శిష్యుడు



పోయిన వీడియోలో భగవాన్ రమణ మహర్షి జీవితం చెప్పుకున్నాం కదా. పన్నెండు నిమిషాల్లో పట్టని కథ ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. దీనికి కారణం మెట్టుగూడలో మా ఆదివారం సత్సంగం. తార్నాక నుంచి, ఓయూ క్యాంపస్ నుంచి వచ్చే పిల్లలు ఈ మధ్య తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. ఏళ్ల తరబడి గురువు దగ్గర ఉన్న మనిషి బయటికొచ్చి, నలుగురిలో ఆయన మీద ఆరోపణలు చేస్తే భక్తులు ఏం చెయ్యాలి? తిట్టాలా, కేసు పెట్టాలా, విననట్టు ఊరుకోవాలా?

సరిగ్గా ఇదే భగవాన్‌కీ జరిగింది. చాలామందికి తెలీదు. ప్రతి పౌర్ణమికీ మనవాళ్లు బస్సులెక్కి వెళ్లి 14 కిలోమీటర్లు గిరిప్రదక్షిణ చేసి వస్తారు, ఆశ్రమంలో ఆ చల్లటి హాల్లో కాసేపు కూర్చుంటారు. ఆ ప్రశాంతత చూస్తే అక్కడా కోర్టు గొడవలు నడిచాయంటే నమ్మబుద్ధి కాదు.

కాస్త మొదటి నుంచి చెప్తాను. 1879 డిసెంబర్ 30న తమిళదేశంలోని తిరుచ్చుళిలో వేంకటరామన్ పుట్టారు. నాన్నగారు సుందరమయ్యర్, కోర్టు పనులు చూసే ప్లీడరు. ఆయన 1892లో పోతే పిల్లవాడు మధురైలో బాబాయి ఇంటికి చేరాడు. 1896 జూలైలో, పదహారేళ్ల వయసులో, ఆ ఇంటి మేడగదిలో ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. పరిగెత్తి ఎవరినీ పిలవలేదు. శవంలా పడుకుని, పోయేది శరీరమేగా, మరి నేనెవరు అని లోపలికి చూసుకున్నాడు. ఆరు వారాల తర్వాత ఇల్లు వదిలాడు. అన్నయ్య కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన 5 రూపాయల్లో 3 తీసుకుని, 2 రూపాయలు చీటీతో సహా వదిలి వెళ్లాడు. ఆ చీటీ నేను అనే మాటతో మొదలై, మధ్యలో ఇది అనే మాటలోకి మారిపోతుంది. కింద సంతకం ఉండాల్సిన చోట పేరు లేదు. ఈ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

1896 సెప్టెంబర్ 1న తిరువణ్ణామలై చేరారు. పాతాళలింగం, గురుమూర్తం... ఇవన్నీ వీడియోలో చూశారు కాబట్టి దాటేస్తున్నాను. 1899 నుంచి 1916 దాకా కొండ మీద విరూపాక్ష గుహలో, తర్వాత 1922 దాకా స్కందాశ్రమంలో ఉన్నారు. ఆ రోజుల్లోనే ఈ కుర్ర స్వామికి పేరొస్తోందని కడుపుమండి ఒక పాత సాధువు కొండ పైనుంచి బండరాళ్లు దొర్లించాడట. భగవాన్ పైకెళ్లి ఆయన్ని పట్టుకున్నారు కూడా. అంతే, పెద్దది చెయ్యలేదు.

మన తెలుగువాడు కావ్యకంఠ గణపతి ముని వచ్చిందీ ఆ గుహకే. బొబ్బిలి దగ్గర కలువరాయిలో 1878లో పుట్టిన మహాపండితుడు, ఆశుకవి. ఎంత జపం చేసినా తపస్సంటే ఏమిటో తేలక, 1907 నవంబర్ 18న మధ్యాహ్నపు ఎండలో కొండెక్కి, తనకంటే చిన్నవాడైన ఆ మౌనస్వామి పాదాలు పట్టుకున్నాడు. అప్పటిదాకా జనం బ్రాహ్మణస్వామి అని పిలిచే ఆయనకి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది మునిగారే. మనం నోరారా పిలుచుకునే ఆ పేరు ఒక తెలుగాయన ఇచ్చింది.

కొండ మీద సేవ చేసినవాళ్లలో పెరుమాళ్‌స్వామి ఒకరు. కొత్తగా వచ్చి నాలుగు రోజుల్లో వెళ్లిపోయిన మనిషి కాదు. పక్కనే ఉండి, పనులు చూసుకుని, సొంతమనిషిలా తిరిగినవాడు. అప్పుడు కొండ మీద ఏముందని? ఊళ్లో భిక్ష అడిగి తెచ్చింది కలిపి అందరూ పంచుకోవడం, ఏమీ దొరక్కపోతే పస్తుండటం. అధికారం ఎవరిదని కొట్టుకోవడానికి అక్కడ అధికారమే లేదు.

1922 మే 19న భగవాన్ తల్లి అళగమ్మ దేహం చాలించారు. ఆమెను కొండ కింద సమాధి చేశారు. ఆ ఏడాది చివర్లో భగవాన్ కూడా కిందికి దిగొచ్చారు. సమాధి పక్కన ఒక పాక, తర్వాత హాలు, వంటశాల, గోశాల, పుస్తకాలు, మనీయార్డర్లు. తాళాల గుత్తి ఎవరో ఒకరి దగ్గర ఉండాలిగా. 1930 ప్రాంతంలో అది భగవాన్ తమ్ముడు, అప్పటికే సన్యాసం తీసుకున్న నిరంజనానందస్వామి చేతికొచ్చింది. అందరూ చిన్నస్వామి అనేవారు. ఆశ్రమానికి ఆయనే సర్వాధికారి అయ్యారు. చిన్నస్వామి క్రమశిక్షణ మనిషి, గట్టి మనిషి. పాతవాళ్లలో కొందరికి అది మింగుడు పడలేదు. పెరుమాళ్‌స్వామికి అసలే పడలేదు. ఆ పెత్తనం తనకు రావాలని ఆయన వాదన.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అన్నీ వదిలేసి వచ్చిన మహాత్ముడి ఆశ్రమం ఆయన తమ్ముడి చేతుల్లో ఉండటం ఏమిటి అన్న ప్రశ్న బయటినుంచి చూస్తే ఎవరికైనా వస్తుంది. ఈ రోజు ఏ మఠంలో అలా జరిగినా మీరూ నేనూ కూడా అడుగుతాం. అడగాలి కూడా. అడిగినవాణ్ణి గురుద్రోహి అని ముద్రేస్తే పోయే ప్రశ్న కాదది. కానీ పెరుమాళ్‌స్వామి ప్రశ్నతో ఆగలేదు. 1933లో ఒక పుస్తకం అచ్చువేశాడు. మహర్షి నిజస్వరూపం ఇదీ అంటూ భగవాన్ మీదే నిందలు గుప్పించాడు. అవేమిటో ఇక్కడ రాయను. అబద్ధాల్ని ఖండించే వంకతో మళ్లీ ప్రచారం చెయ్యడం నాకిష్టం లేదు.

పుస్తకం ఆశ్రమానికి చేరింది. భక్తులు ఊగిపోయారు. ఇన్నేళ్లు ఆయన పక్కన తిన్నవాడు ఇలా రాస్తాడా అని. భగవాన్ మాత్రం నవ్వారట. అప్పట్లో ఆశ్రమంలో ఉన్న భక్తులు తర్వాత చెప్పుకున్నదాన్ని బట్టి, ఆ పుస్తకాన్ని మన గేటు దగ్గరే అమ్మకానికి పెట్టమన్నారు. మంచి భక్తులు అది చదివినా నమ్మరు, నమ్మినవాళ్లు లోపలికే రారు, కాస్త జనం తగ్గుతారు అని ఆయన లెక్క. మొదటిసారి ఇది చదివినప్పుడు జోక్ అనుకున్నాను. జోకే, కానీ ఆలోచించి చూడండి. ఎవరికి పేరు పోతుందన్న భయం ఉంటుంది? పేరు మీద బతికేవాడికి. ఈయనకు ఉన్నదల్లా ఒక కౌపీనం, కమండలం, చేతికర్ర. పడుకునేది కూడా అందరూ వచ్చిపోయే హాల్లోనే, తలుపు మూసుకునే గది లేదు. వడ్డనలో తనకు ఒక్క ముద్ద ఎక్కువ పడినా ఒప్పుకునేవారు కాదు. రాత్రీ పగలూ వందమంది కళ్ల ముందు ఉన్న మనిషి గురించి, నిజస్వరూపం అంటూ కొత్తగా బయటపెట్టడానికి ఏముంటుంది? ఆయన జవాబు చెప్పకపోవడానికి ధైర్యం అక్కడినుంచి వచ్చిందని నాకనిపిస్తుంది. రోజంతా తలుపులు మూసుకుని, ఎవరైనా ప్రశ్నిస్తే మాత్రం నా మౌనం రమణుల మౌనం లాంటిది అనేవాళ్లకు ఈ కథ పనికిరాదు.

అన్నట్టు ఆయన అంతకుముందూ అంతే. 1924 జూన్ 26 రాత్రి ఆశ్రమంలో దొంగలు పడి కర్రలతో కొడితే, ఆయన తొడ మీద కూడా దెబ్బ పడింది. తృప్తి తీరకపోతే రెండో కాలి మీదా కొట్టుకోమన్నారు. కర్ర పట్టుకుని దొంగల మీదికి వెళ్లబోయిన శిష్యుణ్ణి ఆపారు. వాళ్ల ధర్మం వాళ్లది, సాధువులుగా మన ధర్మం మనది అన్నారు.

పుస్తకంతో పని కాలేదు. పెరుమాళ్‌స్వామి కోర్టుకెక్కాడు. అసలు కథ ఇక్కడుంది, ఎందుకంటే భగవాన్ ఈసారి నవ్వి ఊరుకోలేదు, జవాబు చెప్పారు. వాదన ఏమిటంటే, సన్యాసికి ఆస్తి ఉండకూడదు, కాబట్టి ఆశ్రమాన్ని తమ్ముడికి అప్పగించే హక్కు ఆయనకు లేదు. తెలివైన పాయింటే. భగవాన్ కోర్టు మెట్లెక్కే మనిషి కాదు, అందుకని 1936 నవంబర్‌లో కమిషన్ ఆశ్రమానికే వచ్చి వాంగ్మూలం తీసుకుంది. ప్లీడరు కొడుకు, అరుణాచలం వచ్చిన నలభై ఏళ్లకు, ప్లీడర్ల ముందు సాక్షిగా కూర్చున్నారు.

మీది ఏ ఆశ్రమం అని అడిగారు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం, ఈ నాలుగింటిలో ఏదని. ఈ నాలుగూ దాటిన అతిఆశ్రమం అన్నారు. అలాంటిది ఉందా అంటే సూతసంహితలో ఉందన్నారు. ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా అంటే శుకుడు, ఋషభుడు, జడభరతుడు అని పేర్లు చెప్పారు. కాలేజీ వైవాలో కూడా ఇంత సూటిగా జవాబులు రావు. ఆయన ఎవరి దగ్గరా దీక్ష తీసుకోలేదు, కాషాయం కట్టలేదు, కాబట్టి సన్యాసి అన్న మాటే ఆయనకు అంటదు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చారు, మరి ఇక్కడ ఈ ఆస్తి ఏమిటి అన్నారు. నేను కోరలేదు, వచ్చి మీద పడింది, దాని మీద ప్రేమా లేదు ద్వేషమూ లేదు అన్నారు.

తర్వాత ఇంకో ప్రశ్న. మీకు శిష్యులున్నారా?

ఎవరినీ నా శిష్యుడిగా అనుకోను అన్నారు. కలశం పెట్టి, పూజ చేసి, చెవిలో మంత్రం చెప్పే ఉపదేశం నేనెవరికీ ఇవ్వను. ఎవరైనా నా శిష్యుణ్ణని చెప్పుకుంటే ఒప్పుకోనూ, కాదననూ. నాకందరూ సమానం అన్నారు. ఎదురుగా దావా వేసినవాడు మాజీ శిష్యుడు. మనమైతే అక్కడ ద్రోహి అనే మాట వాడతాం. శిష్యుడే లేనప్పుడు ద్రోహం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన లెక్కలో పెరుమాళ్‌స్వామి అంతకుముందు లోపల లేడు, ఇప్పుడు బయటికి పోలేదు.

కేసు పెరుమాళ్‌స్వామి ఓడిపోయాడు.

ఇలాంటి చిక్కులు మళ్లీ రాకుండా 1938లో వీలునామా రాశారు. నిర్వహణ తమ్ముడికి, ఆయన తర్వాత ఆయన కుమారుడికి. అంతా చదివి వినిపించాక సంతకం చెయ్యాల్సిన చోట భగవాన్ కలంతో ఒక గీత గీశారు. అంతే సంతకం. 1896లో చీటీ కింద పేరు రాయని పిల్లవాడే ఈయన.

ఒక విషయం మాత్రం కలపకుండా చెప్పలేను. అదే 1936లో, జూలైలో, ఖరగ్‌పూర్ దగ్గర గణపతి ముని పోయారు. ఆయనకీ భగవాన్‌తో అన్ని విషయాల్లో ఏకాభిప్రాయం లేదు. ఆత్మవిచారం ఒక్కటి చాలని ఈయన. మంత్రశక్తి కావాలి, తపస్సుతో దేశానికి మేలు జరగాలి అని ఆయన. చివరి ఏళ్లలో దూరంగానే ఉన్నారు. ఒక్క కటువు మాట లేదు. ఆ వార్త విని భగవాన్ కదిలిపోయారంటారు, అలాంటివాడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడని బాధపడ్డారంటారు. విభేదించడం వేరు, బురద చల్లడం వేరు. మన సత్సంగంలో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం, అక్కడే గొడవంతా వస్తోంది. జీవితమంతా అందరినీ ఎదిరించిన చలంగారు కూడా 1950లో ఆ కొండ కిందికే చేరి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయారు. ప్రశ్నించేవాళ్లకి ఆ గేటు ఎప్పుడూ మూసి లేదు.

ఇక పెరుమాళ్‌స్వామి. ఏళ్లు గడిచాయి. పుస్తకం మరుగున పడింది, కోర్టు ఖర్చులు మిగిలాయి. వయసు మీదపడ్డాక ఒకరోజు ఆయనే భగవాన్ దగ్గరికి వచ్చాడని అప్పటి భక్తులు చెప్పుకున్నారు. మీకు ఎన్నో అపచారాలు చేశాను, నన్ను మరిచిపోవద్దు అని వేడుకున్నాడు. నువ్వు నన్ను మరిచినా నేను నిన్ను మరవను అన్నారు భగవాన్. అయినా ఆయనకి భయం పోలేదు. నేను చేసిన పనికి నరకానికే పోతాను కదా అన్నాడు.

అక్కడా నేనే ఉంటాను అన్నారు భగవాన్.

వచ్చే వారం వీడియోలో సూరి నాగమ్మగారు 1945 నుంచి ఆశ్రమం నుంచి రాసిన తెలుగు లేఖల గురించి మాట్లాడుకుందాం.

ఓం నమో భగవతే శ్రీ రమణాయ.