క్లార్క్ మాస్టారు నేర్పిన ఆట

మన బడి స్వర్ణోత్సవ సంచికకి ఒక గురువు గురించి రాయమని కమిటీ మిత్రులు అడిగారు. మన మాస్టార్ల గురించి నాకన్నా బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఎక్కడో జపాన్‌లో పనిచేసి, తొంభై ఏళ్ల కిందట కన్నుమూసిన ఒక ఇంగ్లీషు మాస్టారి గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఎడ్వర్డ్ బ్రామ్‌వెల్ క్లార్క్. జపాన్ విద్యార్థుల చేతికి రగ్బీ బంతిని మొదట అందించినవారాయన.

క్లార్క్ 1874లో యొకొహామా రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి రాబర్ట్ క్లార్క్ బ్రిటిష్ పౌరుడు. అక్కడ రొట్టెల బేకరీ నడిపేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఉచికి అనే జపనీయుడు 1888లో మొదలుపెట్టిన దుకాణం యొకొహామాలో తరాలు దాటి నిలిచింది. అంటే ఆ ఇంట్లో ఇంకొకరికి పని నేర్పడం తండ్రి కాలం నుంచే ఉందన్నమాట.

క్లార్క్ చిన్నప్పుడు చదివింది యొకొహామాలోని విక్టోరియా పబ్లిక్ స్కూల్లో. అదే బడిలో తనాకా గిన్నొసుకె అనే జపాన్ కుర్రవాడూ చదివాడు. అతనిది డబ్బున్న వ్యాపార కుటుంబం. తర్వాత ఇద్దరూ ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో చేరారు. క్లార్క్‌ది కార్పస్ క్రిస్టీ కాలేజీ, తనాకాది ట్రినిటీ హాల్. చదువుతో పాటు రగ్బీనీ వెంటపెట్టుకుని ఇద్దరూ జపాన్ తిరిగి వచ్చారు.

క్లార్క్ టోక్యోలోని కెయియో విద్యాలయంలో ఇంగ్లీషు మాస్టారుగా చేరారు. అది 1858లో ఫుకుజావా యుకిచి స్థాపించిన సంస్థ. ఆ తర్వాతి కాలంలో నలభై ఏళ్లు పదివేల యెన్ నోటు మీద కనిపించిన ముఖం ఆ ఫుకుజావాదే. వేసవి పోయి, ఎండ తగ్గి, ఆరుబయట తిరగడానికి హాయిగా ఉండే రోజుల్లో కూడా పిల్లలు ఏమీ తోచక కాలం గడుపుతున్నారని క్లార్క్ గమనించారు. ఇంగ్లీషు పాఠం చెప్పి ఇంటికి పోతే ఆయన్ని అడిగేవాళ్లు లేరు. సిలబస్‌లో ఆట లేదు, జీతంలో దానికి లెక్కా లేదు. అయినా 1899లో ఆయన పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

రగ్బీ చూడనివారి కోసం రెండు ముక్కలు. జట్టుకు పదిహేను మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకుని ముందుకు పరిగెత్తవచ్చు, కానీ చేత్తో తోటివాడికి అందించాలంటే పక్కకో వెనక్కో మాత్రమే విసరాలి. ఎదుటివాళ్లు మన కబడ్డీలో లాగే పట్టుకుని పడేస్తారు. యొకొహామాలోని తెల్లవాళ్లు 1866 నుంచే క్లబ్బు పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడుకునేవారు. కానీ ఆ ఆటను జపాన్ విద్యార్థులకు నేర్పాలని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడ క్లార్క్‌కు ఒక చిక్కు వచ్చింది. పుట్టింది జపాన్‌లోనే అయినా, ఆటలోని మెళకువలు విడమరిచి చెప్పేంత జపనీస్ ఆయనకు రాదు. ఏ మొహమాటమూ లేకుండా పాత బడి మిత్రుడు తనాకాను పిలిచారు. తనాకా వచ్చి సొంత భాషలో వివరించాడు. ఒక క్లబ్బు పుట్టడానికి ఒక మాస్టారూ, ఒక పాత మిత్రుడూ చాలారు. పూర్వ విద్యార్థుల సంఘంలో ఉన్న మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే అనుకుంటాను.

1901 డిసెంబరు 7న కెయియో జట్టు యొకొహామా విదేశీయుల క్లబ్బుతో తొలి మ్యాచ్ ఆడింది. క్లార్క్, తనాకా ఇద్దరూ పిల్లలతో కలిసి బరిలోకి దిగారు. 35-5 తేడాతో ఓడిపోయారు. అప్పటి లెక్క ప్రకారం ట్రైకి 3 పాయింట్లు, దాని వెంట గోలు కొడితే 2. అంటే ఆ రోజు వాళ్లు తెచ్చుకున్నది ఒకే ఒక్క ట్రై, ఒకే ఒక్క గోలు. అంత ఓడినా క్లబ్బు మూతపడలేదు. ఏటా మళ్లీ అదే జట్టుతో తలపడ్డారు.

1907లో క్లార్క్‌కు పెద్ద దెబ్బ తగిలింది. కీళ్లవాతం ముదిరి కుడికాలు తీసేయవలసి వచ్చింది. పరిగెత్తే ఆట నేర్పిన మనిషి ముప్పై మూడేళ్లకే ఒంటికాలితో మిగిలారు. మరుసటి ఏడాది, 1908లో, కెయియో పిల్లలు ఆ యొకొహామా క్లబ్బును మొదటిసారి ఓడించారు. ఆ గెలుపు వేళకు వాళ్ల గురువు మైదానంలో ఆడగల స్థితిలో లేరు.

క్లార్క్ పాఠం చెప్పడం మాత్రం ఆపలేదు. తర్వాత క్యోటో వెళ్లి అక్కడి థర్డ్ హయ్యర్ స్కూల్లోనూ, ఇంపీరియల్ యూనివర్సిటీలోనూ ఆంగ్ల సాహిత్యం బోధించారు. ఆ థర్డ్ హయ్యర్ స్కూల్లో రగ్బీ 1910లో మొదలైంది. అక్కడికి ఆటను తీసుకెళ్లింది ఒక కెయియో విద్యార్థి. మరుసటి ఏడాది దోషిషాలో, 1918లో వసేదాలో క్లబ్బులు వచ్చాయి. 1922 నవంబరు 23న కెయియో, వసేదా తొలిసారి తలపడ్డాయి. పాత వాతావరణ లెక్కలు తిరగేసి, వాన పడే అవకాశం తక్కువని ఎంచుకున్న తేదీ అది. నేటికీ ఆ మ్యాచ్ ఆ తేదీనే ఆడతారు. ఇంజనీరుగా ఈ ముచ్చట నాకు భలే నచ్చింది.

క్లార్క్ 1934లో కన్నుమూశారు. మరుసటి ఏడాది తనాకా కూడా వెళ్లిపోయారు. 2019లో ప్రపంచ కప్ రగ్బీ జపాన్‌లో జరిగింది. ఫైనల్ ఆడింది క్లార్క్ పుట్టిన యొకొహామాలోనే.

ఆయన బోధించిన ఇంగ్లీషు పాఠాలు ఎందరికి గుర్తున్నాయో చెప్పలేం. సాయంత్రం పూట, ఎవరూ అడక్కుండా ఆయన ఇచ్చిన ఆ గంట మాత్రం నూట పాతికేళ్లు దాటి నిలిచింది. మన బడిలోనూ బెల్లు కొట్టాక ఇంటికి పోకుండా మనతో ఆగిపోయిన మాస్టార్లు ఉన్నారు. ఈ వ్యాసం చదువుతూ మీకు ఎవరు గుర్తొచ్చారో, ఈ ఉత్సవానికి వచ్చినప్పుడు వారికి ఒక నమస్కారం పెట్టండి. వారు లేకపోతే, వారి పేరు పిల్లలకు చెప్పండి.