డాక్టరు లేని చోట ప్రథమ చికిత్స: జాన్ ఫ్లిన్ జీవితం

ఆస్ట్రేలియాలో పెద్ద పట్నాలు దాదాపు అన్నీ సముద్రపు ఒడ్డునే ఉంటాయి. లోపలి భాగం చాలావరకు ఎర్రమట్టి నేల, పొదలు, ఇసుక. అక్కడ వేల ఎకరాల్లో పశువులను మేపే కాపర్లు, గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలు, గనుల్లో పనివాళ్ళు, తంతి ఆఫీసుల్లో ఉద్యోగులు బతికేవారు. ఒక ఇంటి నుంచి పొరుగు ఇంటికి పోవాలంటే పూట పైన ప్రయాణం. వందేళ్ళ కిందట అక్కడ కాలు విరిగినా, పాము కరిచినా, కాన్పు కష్టమైనా డాక్టరు దగ్గరకు చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది. దారిలోనే ప్రాణం పోయినవారు ఎందరో.

ఈ కష్టానికి దారి చూపించిన వ్యక్తి జాన్ ఫ్లిన్. ఆయన డాక్టరు కాదు. క్రైస్తవ మత బోధకుడు.

ఫ్లిన్ 1880 నవంబరు 25న విక్టోరియా రాష్ట్రంలోని మోలియాగుల్ అనే ఊళ్ళో పుట్టారు. 1869లో డెబ్బై కిలోలకు పైబడిన బంగారు ముద్ద ఒకటి ఆ ఊరి దగ్గరే దొరికింది. ఫ్లిన్ కుటుంబానికి మాత్రం బంగారం అంటలేదు. తండ్రి బడిపంతులు. జాన్‌కు మూడేళ్ళయినా నిండకముందే తల్లి చనిపోయింది. తండ్రి ఉద్యోగం ఏ ఊరికి మారితే ఆ ఊరి బడిలో చదువు. అందులో ఒక ఊరి పేరు స్నేక్ వ్యాలీ, అంటే పాముల లోయ.

1898లో మెట్రిక్యులేషన్ ముగించాక కాలేజీ చదువుకు డబ్బు లేకపోయింది. తానూ బడిలో పాఠాలు చెప్పే పనిలో చేరారు. అప్పుడే ఆయనకు రెండు విషయాల మీద మనసు పడింది. ఒకటి ఫొటోలు తీయడం, రెండోది ప్రథమ చికిత్స. 1903లో మత బోధక శిక్షణకు చేరి, అడవులు నరికి కొత్తగా సేద్యం చేసుకుంటున్న పల్లెల్లో పనిచేశారు. తరవాత వేదాంత కళాశాలలో చదువుకుంటూనే ఉన్ని కత్తిరించే కూలీల మధ్యకు వెళ్ళి వచ్చేవారు. ఎక్కడికి పోయినా జబ్బు పడితే దిక్కెవరన్న ప్రశ్నే ఎదురైంది.

1910లో ఆయన ఒక చిన్న పుస్తకం వేశారు. దాని పేరు బుష్‌మన్స్ కంపానియన్. అంటే అడవిలో పనిచేసేవాడి తోడు. గాయం తగిలితే, దెబ్బ తింటే పక్కనున్నవాడు ఏం చేయాలో అందులో రాశారు. అంతేకాదు, వీలునామా ఎలా రాసుకోవాలో, తోటివాడు చనిపోతే పూజారి లేకుండా ఎలా పూడ్చిపెట్టాలో కూడా ఉంది. చావు సంగతి కూడా చికిత్స పుస్తకంలో పెట్టవలసి వచ్చిందంటే ఆ ప్రాంతం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కాలంలో పాము కాటుకు గాటు పెట్టి పర్మాంగనేటు పొడి రుద్దడమే ప్రథమ చికిత్స అనుకునేవారు. అది తప్పని ఆ తరవాత తేలింది. ఇప్పుడు కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించవద్దు అంటున్నారు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

1911లో ఫ్లిన్‌కు దక్షిణ ఆస్ట్రేలియాలోని బెల్టానా అనే మారుమూల ఊరు కార్యస్థానమైంది. మరుసటి ఏడాది ఉత్తర ప్రాంతమంతా తిరిగి అక్కడివారి బాధలపై నివేదిక రాశారు. దాని ఫలితంగా 1912లోనే వారి చర్చి ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్ అనే సంస్థను పెట్టి, ఫ్లిన్‌నే దానికి అధిపతిని చేసింది. బోధకులు ఒంటెల మీద తిరిగేవారు. కొన్ని ఊళ్ళలో శిక్షణ పొందిన నర్సులతో చిన్న వైద్యశాలలు తెరిచారు. చాలా చోట్ల నర్సే డాక్టరు.

1917లో జరిగిన ఒక సంఘటన దేశాన్నంతా కదిలించింది. పశ్చిమాన రూబీ ప్లెయిన్స్ అనే పశువుల క్షేత్రంలో జిమ్మీ డార్సీ అనే కాపరి గుర్రం మీద నుంచి పడ్డాడు. లోపల మూత్రాశయం చిట్లింది. తోటివాళ్ళు బండిలో వేసుకుని పన్నెండు గంటలు ప్రయాణించి హాల్స్ క్రీక్‌కు చేర్చారు. అక్కడా డాక్టరు లేడు. ఉన్నది పోస్టు మాస్టరు టకెట్ ఒక్కడే. ఆయన ఎప్పుడో ప్రథమ చికిత్స నేర్చుకున్నవాడు. నేర్పింది పెర్త్ నగరంలోని డాక్టరు హాలండ్. దగ్గర ఊళ్ళ డాక్టర్లు దొరకకపోతే టకెట్ తంతి మీద ఆ గురువునే పిలిచాడు. గురువు ఉన్నది దాదాపు మూడు వేల కిలోమీటర్ల అవతల.

డాక్టరు అక్కడ ప్రశ్న అడగడం, పోస్టు మాస్టరు ఇక్కడ రోగిని తడిమి జవాబు కొట్టడం. అలా జబ్బు ఏమిటో తేల్చారు. వెంటనే కోయాలన్నారు డాక్టరు. టకెట్ దగ్గర ఉన్నవి చేతికత్తి, మంగలికత్తి, కడగడానికి పర్మాంగనేటు. మత్తుమందు లేదు. తంతి మీద వచ్చే ఒక్కొక్క ఆదేశం ప్రకారం గంటల తరబడి కోత సాగింది. వైద్యం చదవని మనిషికి అది ఎంత నరకమో, కోత పడేవాడికి ఎంత నరకమో వేరే చెప్పనక్కరలేదు. ఆ తరవాత హాలండ్ పశువుల ఓడ ఎక్కి డెర్బీ రేవుకు వచ్చి, అక్కడి నుంచి కారులో రోజుల తరబడి ప్రయాణించి, చివరి దూరం నడిచి ఊరు చేరేసరికి డార్సీ ముందురోజే కన్నుమూశాడు. కోత చక్కగానే జరిగిందని, మలేరియా జ్వరం ముంచిందని తేలింది. యుద్ధం వార్తలతో నిండిన పత్రికలు కూడా రోజూ ఈ కథ రాశాయి.

ఫ్లిన్‌కు ఈ ఒక్క కథలో రెండు సంగతులూ కనిపించి ఉండాలి. నేర్చినవాడు ఒకడు ఉంటే రోగి కొన్ని రోజులైనా నిలబడతాడు. డాక్టరు త్వరగా రాకపోతే ఆ నేర్పు కూడా చాలదు.

అదే ఏడాది నవంబరులో క్లిఫర్డ్ పీల్ అనే యువ వైమానికుడు ఆయనకు ఉత్తరం రాశాడు. వైద్య విద్యార్థిగా ఉండి యుద్ధంలో చేరినవాడు. డాక్టర్లను విమానంలో పంపవచ్చని, ఎంత దూరానికి ఎంత ఖర్చవుతుందో లెక్కలు వేసి మరీ రాశాడు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సులో అతని విమానం కూలిపోయింది. వయసు పాతికేళ్ళు లేవు. ఫ్లిన్ ఆ ఉత్తరాన్ని తన పత్రికలో అచ్చు వేసి, పదేళ్ళపాటు చందాల కోసం తిరిగారు.

చివరికి 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కర్రీ నుంచి వైద్య విమానం మొదటిసారి ఎగిరింది. డాక్టరు పేరు వెల్చ్, పైలట్ పేరు అఫ్లెక్. విమానాన్ని క్వాంటాస్ కంపెనీ నుంచి మైలుకు రెండు షిల్లింగుల అద్దెకు తీసుకున్నారు. నదులు, కంచెలు, తంతి స్తంభాలు చూసుకుంటూ దారి పట్టడమే. మొదటి ఏడాదిలో 50 సార్లు ఎగిరి 225 మందికి చికిత్స చేశారు.

విమానం వచ్చినా దాన్ని పిలిచే దారి కావాలి గదా. ఎడిలైడ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు చేత ఫ్లిన్ ఒక రేడియో చేయించారు. కరెంటు లేదు కాబట్టి సైకిలులా కాళ్ళతో తొక్కాలి. 1929 నుంచి అవి ఇళ్ళకు చేరాయి. 1940లలో మందుపెట్టెలు కూడా వచ్చాయి. ప్రతి సీసాకూ ఒక అంకె. డాక్టరు రేడియోలో ఫలానా అంకె మందు వేయమంటే అది తీసి వేయాలి. తొమ్మిదో నంబరు మందు అయిపోతే నాలుగు, అయిదు కలిపి వేసిన మనిషి కథ అక్కడ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నిజమో కల్పనో గాని, పెట్టె ఇస్తే చాలదు, వాడే మనిషికి నేర్పాలన్నది అందులో ఉంది.

ఫ్లిన్ 1932లో, యాభై దాటాక, తన కార్యాలయంలో కార్యదర్శిగా ఉన్న జీన్ బెయిర్డ్‌ను పెళ్ళి చేసుకున్నారు. 1951 మే 5న సిడ్నీలో మరణించారు.

ఇంత మంచి పని చేసిన మనిషికీ ఒక మచ్చ ఉంది. ఆ నేలకు అసలు యజమానులైన ఆదివాసులను ఆయన సంస్థ దూరంగా పెట్టింది. దాని వైద్యశాలలు తెల్లవారిని దృష్టిలో పెట్టుకుని నడిచాయి. అదే చర్చికి చెందిన డాక్టరు చార్లెస్ డుగ్విడ్ ఈ విషయమై ఆయనను గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. ఇప్పుడు ఆ వైద్య విమానాలు ఆదివాసుల పల్లెల్లోనూ దిగుతున్నాయి.

ఫ్లిన్ చితాభస్మాన్ని ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఉంచి, పైన ఒక పెద్ద గుండ్రాయి నిలబెట్టారు. ఆ రాయి సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని ఆదివాసుల పుణ్యస్థలం నుంచి వారిని అడగకుండా తెచ్చింది. వారు ఏళ్ళ తరబడి అడగగా, 1999లో దాన్ని తిరిగి దాని చోటికి చేర్చారు. బదులుగా ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు ఆదివాసులే తమ నేల నుంచి మరో రాయి ఇచ్చారు. ఇప్పుడు ఫ్లిన్ సమాధి మీద ఉన్నది అదే.