పన్నుల వేలం ఆపిన దివాన్ మొదటి సాలార్‌జంగ్

సాలార్‌జంగ్ అనగానే చాలామందికి హైదరాబాద్ మ్యూజియమే గుర్తొస్తుంది. అందులోని వస్తువుల్లో ఎక్కువ భాగం పోగుచేసింది మూడో సాలార్‌జంగ్. ఆయన తాత మొదటి సాలార్‌జంగ్ చేసిన పని వేరు. అది రైతు ఇంటి లెక్కలను మార్చింది.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో బీజాపూర్‌లో పుట్టారు. నిజాం దగ్గర దివాన్‌గా ఉన్న ఆయన తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ 1853లో ఇంతెఖాల్ అయ్యారు. దాంతో 24 ఏళ్లకే ఆ బాధ్యత తురాబ్ అలీ ఖాన్ మీద పడింది. అప్పటికి ఖజానా ఖాళీ. సైన్యం ఖర్చు బాకీ కింద అదే ఏడాది బీరార్‌ను బ్రిటిష్‌వాళ్ల చేతికి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవాళ్లు. ఎక్కువ పాడుకున్నవాడికే తాలూకా. వాడు ఖజానాకు ఒప్పుకున్నంత కట్టి, రైతు దగ్గర దొరికినంత లాగేవాడు. అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్, రోహిల్లా జమాదార్ల చేతుల్లోనూ తాలూకాలు తాకట్టులో ఉండేవి.

సాలార్‌జంగ్ ఆ తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. గుత్తేదార్ల స్థానంలో జీతం తీసుకునే అధికారులను పెట్టారు. 1865లో జిలాబందీ మొదలైంది. రాజ్యం సుబాలుగా, జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పడింది. పంటలో వాటా తీసుకునే బటాయి పోయి, నగదు శిస్తు వచ్చింది.

కట్టాల్సింది ఎంతో ముందే తెలియడం రైతుకు మేలే. కానీ వానలు పడకపోయినా, జొన్నల ధర పడిపోయినా నగదు మాత్రం కట్టాల్సిందే. అది లేనివాళ్లు మళ్లీ సాహుకారు గడపే తొక్కారు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. తాండూరు, వికారాబాద్ ఆ లైన్ మీదే ఉన్నాయి. ఈ ప్రాంతపు పంటకు, రాయికి దూరపు బజార్ల దారి తెరుచుకుంది.

కొత్త దఫ్తర్లకు చదువుకున్నవాళ్లు కావాల్సి వచ్చారు. సాలార్‌జంగ్ దారుల్ ఉలూమ్ పెట్టించారు. అయినా పెద్ద కొలువులకు మొహసిన్ ఉల్ ముల్క్ లాంటి వాళ్లను ఉత్తరాది నుంచి పిలిపించారు. వాళ్లు పని తెలిసినవాళ్లే, కానీ ఇక్కడివాళ్ల ఉద్యోగాల సంగతేంటన్న కోపం పెరిగింది. ముల్కీ, గైర్ ముల్కీ తగాదాకు బీజం అక్కడే పడింది. 1857లో బ్రిటిష్‌వాళ్ల పక్షాన నిలబడటం మీద కూడా ఆయన గురించి నేటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

1883 ఫిబ్రవరి 8న కలరాతో ఆయన వఫాత్ అయ్యారు. దాయిరా మీర్ మోమిన్‌లో దఫన్ చేశారు.

ఆయన సంస్కరణలు సర్కారు దివానీ భూములకే పరిమితమయ్యాయి. జాగీర్లు, పాయెగాలు బయటే ఉండిపోయాయి. వికారాబాద్‌కు ఆ పేరు వచ్చిందే పాయెగా నవాబు వికారుల్ ఉమ్రా మీద. సాలార్‌జంగ్ కుటుంబానిదీ పెద్ద జాగీరే. పక్క పక్క ఊళ్లలో ఒకే పంట వేసిన ఇద్దరు రైతులకు, భూమి ఎవరి కింద ఉందన్నదాన్ని బట్టి రెండు రకాల లెక్కలు నడిచాయి. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ తేడా పోలేదు.